గూట్లో పెట్టిన వైఫై

ఈ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మెట్ల మలుపులో పాల క్రేటు మీద ఉండాల్సిన వైఫై డబ్బాను తీసి, ఒక స్నేహితుడికి అందంగా చూపించాలని హాలు గోడలోని గూట్లో పెట్టాను. అదే సమయంలో పై అంతస్తులో మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య, ఒక ఉద్యోగం కోసం పరీక్షగా ఆన్‌లైన్ క్లాసు చెబుతోంది. డబ్బా గూట్లోకి వెళ్ళింది. ఆమె క్లాసు మధ్యలో ఆగిపోయింది. అక్కడితో నేను ఆగినా బాగుండేది. ఏమైందని ఆమె ఫోన్ చేసి అడిగితే, కంపెనీ వాళ్ళ లైన్ పోయినట్టుందని చెప్పాను.

ఒక డబ్బా కాస్త పక్కకు జరిగితే క్లాసు ఆగిపోవడం ఏమిటో అర్థం కావాలంటే మా ఇంటి సంగతి తెలియాలి.

మాది పాతబస్తీలో, ధూల్‌పేట్‌కు దగ్గర్లో ఒక గల్లీ. కింది రెండు అంతస్తులూ మా తాత కట్టినవి. రాయి, డంగు సున్నం. కిటికీలో కూర్చుంటే గోడ మందంలోనే కాళ్ళు ముడుచుకుని ఒక కునుకు తీయవచ్చు. తమ్ముడి పెళ్ళప్పుడు దాని మీద ఇటుకా సిమెంటుతో ఇంకో అంతస్తు వేశాం. అందరికంటే కింద మా పాల దుకాణం. ఒకప్పుడు అక్కడ బర్రెలు కట్టేసేవాళ్ళు, ఇప్పుడు ఫ్రిజ్‌లు నిలబెట్టాం. దాని మీద నేను, నా భార్య. ఆ పైన తమ్ముడూ మరదలూ. తమ్ముడు పొద్దున్నే ఊరికి అటు చివర ఉన్న ఆఫీసుకు పోయి, రాత్రి భోజనం వేళకు వస్తాడు.

ఇంటర్నెట్ వాళ్ళు గల్లీలోని స్తంభం నుంచి తీగ తెచ్చి, ఎదురుగా కనిపించిన దుకాణంలోనే బిగించి పోయారు. దాంతో మా ఇంట్లో పెరుగు ఫ్రిజ్‌కు నెట్ బ్రహ్మాండంగా అందేది. మనుషులకే అందేది కాదు. నా భార్య తన చెల్లెలితో వీడియోలో మాట్లాడాలంటే కిందికి వచ్చి పనీరు పక్కన నిలబడాల్సి వచ్చేది. పాలకొచ్చిన వాళ్ళు కూడా ఆ మాటల్లో పాలుపంచుకునేవాళ్ళు. మా తోడల్లుడు ఉద్యోగం మారాడని నాకంటే ముందు మా గల్లీకి తెలిసింది.

దానికి నేను నాకు తోచిన వైద్యం చేశాను. కొమ్ముల్లాంటి యాంటెనాలున్న పెద్ద రూటర్ తెచ్చాను. అది చాలకపోతే ఇంకా ఎక్కువ కొమ్ములున్నది తెచ్చాను. తాత గోడల ముందు ఆ కొమ్ములేవీ పనిచేయలేదు. ఇంటి నిండ బర్రెలున్నప్పుడు గూడ గిన్ని కొమ్ములు చూడలేదని నా భార్య అంది. తర్వాత సాకెట్లో గుచ్చే రిపీటర్ ఒకటి పెట్టాను. అది కింది నెట్‌ను పైకి పంపేది గానీ, పంపేసరికి అందులో సగం ప్రాణం ఉండేది కాదు. పైగా దాని పేరు వేరు, కింది దాని పేరు వేరు. మెట్లెక్కిన ప్రతిసారీ ఫోన్‌లో పేరు మార్చుకోవాలి.

ఈ బాధలన్నీ చూసి, మెష్ అనేది ఒకటుందని చదివి చెప్పింది మా మరదలే. ఒకే పేరుతో మూడు డబ్బాలు. అంతస్తుకొకటి. ఒకదాని నుంచి ఒకటి అందుకుని పైకి పంపుతాయి. మనం ఫోన్ పట్టుకుని మెట్లెక్కుతుంటే దగ్గరున్న డబ్బా మనల్ని అందుకుంటుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఇవన్నీ మన ఇంటికి పనికిరావని నేను కొట్టిపారేశాను. ఆమె మా గల్లీలో నీళ్ళు వచ్చే రోజును గుర్తుచేసింది. ఆ రోజు అందరం మెట్ల మీద వరుసగా నిలబడి బిందెలు ఒకరి చేతిలోంచి ఒకరికి అందించుకుంటాం కదా, అదే ఇది అంది. ఇక డబ్బాలు తెప్పించమన్నాను.

డబ్బాలు వచ్చాక ఎక్కడ పెట్టాలో కూడా ఆమే చూసింది. ఫోన్‌లో స్పీడు చూసుకుంటూ గోడగోడకూ తిరిగింది. చివరికి మా గుమ్మం బయట, మెట్లు తిరిగే చోట నిలబడి, ఇక్కడే అంది. అక్కడి నుంచి కిందికి చూస్తే దుకాణం వెనక తలుపు కనబడుతుంది, పైకి చూస్తే వాళ్ళ గుమ్మం కనబడుతుంది. మధ్యలో గోడ లేదు. డబ్బాకు ఒక ఎత్తు కావాలంటే నేను దుకాణంలోంచి పాత పాల క్రేటు ఒకటి తెచ్చి తిరగేసి పెట్టాను.

దుకాణానికీ మెట్లకూ మధ్యనున్న గోడకు చిన్న చిల్లు పెట్టి తీగ లాగితే ఇంకా గట్టిగా పనిచేస్తుందని ఆమె అప్పుడే చెప్పింది. మా తాత గోడకు చిల్లు పెట్టనియ్యనని నేనన్నాను. తీగకు బదులుగా ఒక కొత్త కట్టడి వచ్చింది. దుకాణం వెనక తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. దాన్ని ఎవరైనా మూస్తే పై అంతస్తుల్లోంచి అరుపులు వినిపిస్తాయి. ఆ తలుపులోంచి మా గల్లీ పిల్లి కూడా దర్జాగా వచ్చి పోతుండేది. మెష్ వల్ల మా ఇంట్లో అందరికంటే ఎక్కువ లాభపడింది అదే.

ఇక మరదలి ఉద్యోగం సంగతి. ఆమె పక్క గల్లీలోని చిన్న బడిలో లెక్కల టీచరు. ఆ బడి మూతపడింది. వేరే బళ్ళు దూరం, లేదా అక్కడ అప్పటికే ఎవరో ఉన్నారు. ఇంట్లో ఊరికే కూర్చునే మనిషి కాదు. బడి పోయాక కొన్నాళ్ళు దుకాణంలో నాకు సాయం చేసింది గానీ, పాలకొచ్చిన పిల్లల్ని ఎక్కాలు అడుగుతుంటే వాళ్ళు పక్క దుకాణానికి పోవడం మొదలుపెట్టారు. ఈ మధ్య ఇంటి నుంచే పాఠాలు చెప్పించే ఒక సంస్థ ఆమెను ఫోన్‌లో మాట్లాడించి, బాగానే ఉందంది. మిగిలింది ఒక్క పరీక్ష క్లాసు. వాళ్ళు చూస్తుండగా ఒక పిల్లవాడికి పాఠం చెప్పాలి. అది ఈ రోజు పదకొండింటికి.

మా ఇళ్ళల్లో బావ, తమ్ముడి భార్య కొంచెం దూరంగానే మసలుకుంటారు. నేను పై అంతస్తుకు వెళ్ళను. ఏదైనా చెప్పాల్సి వస్తే మెట్ల మలుపులో నిలబడి దగ్గుతాను, ఆమె గుమ్మం దాకా వస్తుంది. లేదంటే నా భార్య ద్వారా కబురు నడుస్తుంది. ఈ రోజు పొద్దున మాత్రం ఆమే మలుపు దాకా దిగి వచ్చింది.

"బావా, పదకొండింటికి నా క్లాసున్నది. గీ డబ్బాను ఎవర్ని ముట్టనియ్యకుండ్రి."

"నేనున్న గదమ్మా, ఫికర్ చేయకు" అన్నాను.

నిజంగానే కావలి కాద్దామనుకున్నాను. కానీ పదకొండు దాటిన కాసేపటికి నా స్నేహితుడు ఫోన్ చేసి గల్లీ మొదట్లో ఉన్నానన్నాడు. ఆయనకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉంది. మాలాగే అంతస్తుల మీద అంతస్తుల ఇల్లు, మాలాగే నెట్ బాధ. చాయ్ తాగేటప్పుడల్లా మా ఇంట్లో దుకాణం నుంచి డాబా దాకా ఎక్కడా అడ్డు లేదని ఆయన దగ్గర నేను మస్తు గొప్పలు చెప్పి ఉన్నాను. ఆ గొప్ప చూడటానికి సాయంత్రం వస్తానన్నవాడు పొద్దున్నే వచ్చేశాడు.

నేను మెట్ల మలుపు వైపు చూశాను. పెరుగు మరకలు ఎండిన నీలం క్రేటు. దాని మీద డబ్బా. వేలాడే కరెంటు తీగ. పక్కన నా చెప్పులు. ఇన్నాళ్ళూ నేను వర్ణించింది ఇదా అని సిగ్గేసింది. హాల్లో, మెట్ల వైపు గోడకు ఒక గూడుంది. పాతకాలంలో దీపం పెట్టేవాళ్ళు, ఇప్పుడు ఇత్తడి ఏనుగులు రెండు ఉంటాయి. డబ్బాను తీసుకెళ్ళి ఆ ఏనుగుల మధ్య పెట్టి, కరెంటు తీగను పక్క సాకెట్లో గుచ్చాను. గోడకు అటు ఉన్నదాన్ని ఇటు తెచ్చాను, అంతే కదా అనుకున్నాను. అటూ ఇటూ మధ్యలో ఉన్నది తాత గోడ అన్న సంగతి ఆ క్షణంలో బుర్రకు తట్టలేదు. తట్టినా పక్కకు తోసేశానేమో. నిజం చెప్పాలంటే రెండోదే.

స్నేహితుడు లోపలికి వచ్చి గూడు వైపు చూసి తల ఊపాడు.

"క్యా బాత్ హై భాయ్. గూట్ల దేవుణ్ణి గూడ గింత మంచిగ కూసోబెట్టరు."

నేను ఉబ్బిపోయాను. ఆయన ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. చూసినవా అన్నాను. ఆ గీతలు ఫోనుకీ డబ్బాకీ మధ్య ఎంత దగ్గరో మాత్రమే చెబుతాయి. డబ్బాకు కింది నుంచి ఏమైనా అందుతోందా, అది పైకి ఏమైనా పంపుతోందా అన్నది చెప్పవు. వరుసలో బిందె అందుకోవాల్సిన మధ్య మనిషి పక్కకు జరిగి, చుట్టంతో ముచ్చట పెట్టినట్టుంది ఆ డబ్బా పని. ఆయన ఏదో వీడియో నొక్కితే అది గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఈ వేళ అందరూ క్రికెట్ చూస్తుంటారని చెప్పాను. ఈ రోజు మ్యాచ్ ఉందో లేదో నాకు తెలియదు.

అప్పుడే నా ఫోన్ మోగింది. పై నుంచి మరదలు. గొంతులో కంగారు అణచుకుంటోంది.

"బావా, నెట్ పోయింది. కింద వస్తున్నదా?"

గూట్లో డబ్బా ఏనుగుల మధ్య ఎర్రగా వెలుగుతోంది. ఆ క్షణానికి నాకు అంతా తెలుసు. అయినా నోటి నుంచి వచ్చింది వేరే.

"లేదమ్మా. కంపెనోళ్ళ లైనే పోయినట్టున్నది."

స్నేహితుణ్ణి చాయ్ తాగుతుండమని చెప్పి, డబ్బాను లుంగీ కొంగు చాటున దాచుకుని బయటికి తెచ్చి క్రేటు మీద పెట్టాను. అది మళ్ళీ నిద్ర లేచి, కింది దానితో మాట కలిపి, పై దాన్ని పలకరించేసరికి మరదలి క్లాసు సమయం అయిపోయింది. నా దొంగతనం మాత్రం ఎవరికీ తెలియకుండా సర్దుకుంది. చెప్పులు కూడా సరిగ్గా పక్కన పెట్టాను.

కాసేపటికి ఆమె మెట్ల మలుపు దాకా దిగి వచ్చింది. నా భార్య గుమ్మంలో ఉంది. నేను ఆమె వెనక ఉన్నాను. మరదలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మాట నిలకడగానే ఉంది. సంస్థ వాళ్ళకు ఫోన్ చేసిందట. ఇంట్లో నెట్ సరిగా లేనివాళ్ళను తీసుకోవడం కుదరదని మర్యాదగానే చెప్పారట. అది చెప్పి, క్రేటు మీది డబ్బాను చూస్తూ అంది.

"మీరు ముందే అన్నరు గద బావా, గివన్ని మనింటికి పనికిరావని. నేనే వినలే. ఊకెనే అందర్ని తిప్పలు పెట్టిన."

ఆమె తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆమె నా పాత మాటకు విలువిచ్చి, తప్పు తన మీద వేసుకుని పైకి వెళ్ళిపోయింది. బాగా పనిచేసిన దాన్ని పనికిరానిదని నమ్మింది, అదీ నా అబద్ధం వల్ల. నా భార్య లోపలికి వచ్చి, పిల్ల ఇక వేరే ఉద్యోగాలేవీ చూడనంటోందని చెప్పింది. హాల్లో స్నేహితుడు చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. ఏనుగులు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

నేను మెట్లెక్కాను. మలుపులో ఆగి దగ్గలేదు. వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాను. నన్ను అక్కడ చూసి ఆమె గాబరాగా లేచి కొంగు సర్దుకుంది. కింద గుమ్మంలో నా భార్య, ఆమె వెనక చాయ్ కప్పుతో స్నేహితుడు పైకి చూస్తున్నారు.

"లైన్ పోలేదమ్మా" అన్నాను. "డబ్బాను నేనే తీసి గూట్లె పెట్టిన. నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు ఎరికే. అబద్ధం చెప్పిన."

ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"ఎందుకు తీసిండ్రు?"

"మంచిగ కనవడాలని."

ఎవరికి అని ఆమె అడగలేదు. జవాబు కింద చాయ్ కప్పు పట్టుకుని నిలబడే ఉంది. ఆ జవాబే నోరు తెరిచింది.

"నాకు షాన్ చూపెట్టనీకి పిల్ల నౌకరీ మీదికి తెచ్చినవా భాయ్? నేను చాయ్ తాగనీకి వచ్చిన."

దాని కోసమే కదా నేను ఇదంతా చేసింది, ఆయన ముందు తల ఎత్తుకోవడానికి. తల దించుకుని నిలబడ్డాక మాత్రం కొంచెం తేలికగా అనిపించింది. మరదల్ని సంస్థ వాళ్ళకు ఇంకోసారి ఫోన్ కలపమని అడిగాను. ఆమె వద్దంది. ఒకసారి కాదన్నాక మళ్ళీ అడగడం బాగుండదంది. నీ తరఫున అడగను, నా తరఫున చెప్పుకుంటానన్నాను. కలిపింది.

అవతల ఒక మేడమ్. నేను జరిగింది మొదటి నుంచి చెప్పాను, ఏనుగులతో సహా. ఆమె నవ్వు ఆపుకున్నట్టు ఒక చిన్న చప్పుడు వినిపించింది, తర్వాత గొంతు మళ్ళీ బిగుసుకుంది. ఇది రేపు మళ్ళీ జరగదని నమ్మకం ఏమిటని అడిగింది. సరైన ప్రశ్నే.

"డబ్బాను కదిపే మనిషిని ఇంట్ల నేనొక్కణ్ణే మేడమ్" అన్నాను. "సాయంత్రానికల్లా తీగ గుంజుతం. ఇగ కదిపినా నెట్ పోదు."

సాయంత్రం ఆరింటికి ఇంకొక్కసారి చూస్తామని, అప్పుడు కూడా ఆగితే ఇక అడగవద్దని ఆమె అంది.

తీగ లాగుతానని అనడం అనేశాను. లాగాలంటే తాత గోడకు చిల్లు పెట్టాలి. స్నేహితుడు మారుమాట లేకుండా బండి మీద పత్తర్‌గట్టికి పోయి, దుకాణంలో అరలు బిగించడానికి కొన్న డ్రిల్లింగ్ మెషిన్‌ను, వచ్చే దారిలో కావలసినంత తీగనూ పట్టుకొచ్చాడు. ఎక్కడ చిల్లు పడాలో మరదలు చాక్‌పీసుతో గుర్తు పెట్టింది. నేనే పెడతానని మెషిన్ పట్టుకున్నాను. పైపూత చప్పున రాలింది. లోపలి సున్నం నెమ్మదిగా రాలింది. ఆ తర్వాత రాయి తగిలి మెషిన్ నా చేతుల్ని ఊపేసింది. కొంచెం పక్కకు జరిపి మళ్ళీ మొదలుపెట్టాను. సున్నం పొడి కళ్ళలో, మీసాల్లో, చొక్కాలో. పాలకొచ్చిన ఒకాయన నన్ను చూసి, ఈ రోజు పాలపొడి కూడా అమ్ముతున్నావా అని అడిగిపోయాడు. అవతలి వైపు నుంచి నా భార్య, తాత ఏమన్నా అంటున్నడా అని కేక వేసింది. ఏమీ అనడం లేదని నేను తిరిగి కేక వేశాను. నిజంగానే ఆ గోడ నా గురించి ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. దాని పేరు చెప్పి మొండికేసింది నేనే.

చిల్లు అవతలికి తేలగానే తీగను తోశాం. దుకాణంలోని డబ్బా నుంచి గోడలోంచి మలుపులోని డబ్బాకు, అక్కడి నుంచి మెట్ల అంచు వెంట పైకి, తలుపు చట్రం పక్క సందులోంచి వాళ్ళ గదిలోని డబ్బాకు. మరదలు ఫోన్‌లో స్పీడు చూసింది. మళ్ళీ చూసింది. ఫోన్‌ను నా భార్యకు చూపించింది. దుకాణం వెనక తలుపును ఎన్నాళ్ళకో మూశాం. పైన ఎవరూ అరవలేదు. కాసేపటికి పిల్లి వచ్చి, మూసిన తలుపు ముందు కూర్చుని, మాకు వినబడేలా చాలాసేపు గొణిగింది.

ఆరింటికి దుకాణంలో గిరాకీ జోరుగా ఉంటుంది. నా భార్య గల్లా దగ్గర కూర్చుంది. ఈయన ఏడని అడిగిన వాళ్ళకు, మెట్ల మీద డ్యూటీల ఉన్నడు అని చెప్పిందట. నేను క్రేటు పక్క మెట్టు మీద కూర్చున్నాను. తీగ ఉన్నాక ఇక కావలి అక్కర్లేదు. అయినా పొద్దున ఒప్పుకున్న పని అది, అప్పుడు చేయలేదు.

పై నుంచి మరదలి గొంతు వినిపిస్తోంది. భిన్నాల పాఠం. లీటరు పాల ప్యాకెట్ ఒకటి తెచ్చారనుకో, ఇంట్లో నలుగురున్నారనుకో, అందరికీ సమానంగా పోయాలి అంటోంది. అవతలి పిల్లవాడు నాకు తాగడం ఇష్టం లేదన్నాడేమో, అయితే మిగతా ముగ్గురికీ ఎంత వస్తుందో చెప్పమంది. గొంతు ఎక్కడా తెగలేదు. పొద్దున కూడా ఇలాగే చెప్పి ఉంటుంది, నేను ఏనుగుల్ని సర్దుతున్నప్పుడు.

క్లాసు అయిపోయి ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్కపారి గూడ ఆగలే బావా. రేపు చెప్తమన్నరు." మెట్టు మీద నన్ను చూసి, "ఇగ లేవుండ్రి, కాళ్ళు వట్టుకుంటయ్" అంది.

లేచి చీపురు తెచ్చుకున్నాను. మెట్ల నిండా నా పాదాల సున్నం ఉంది. ఆమె గుమ్మం ముందు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే ఊడ్చుకుంటూ దిగాను. కింది మెట్ల దాకా వచ్చేసరికి తమ్ముడు ఆఫీసు సంచితో లోపలికి వచ్చాడు. మూసిన తలుపును చూశాడు, గోడలోంచి వచ్చిన తీగను చూశాడు, నన్ను చూశాడు.

"గోడకు చిల్లు ఎవరు పెట్టిండ్రే అన్నా?"

చీపురు పక్కన పెట్టి, ఊడ్చిన మెట్టు మీద వాణ్ణి కూర్చోబెట్టాను. గూటి దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాను.